పత్తి పురుగు, క్యాన్సర్ కణం: మందు ఎందుకు పనిచేయడం మానేస్తుంది?

ఈ ఎపిసోడ్ టాపిక్ నేను వెతుక్కున్నది కాదు. మా బాబాయి అడిగిన ఒక ప్రశ్న.

బాబాయిది పర్చూరు పక్కన ఊరు. నల్లరేగడి. ఐదెకరాలు పత్తి, ఎకరంన్నర మిర్చి. కొన్నేళ్ళ కిందట ఆయనకి సీఎంఎల్ అని తేలింది. అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, ఒక రకం బ్లడ్ క్యాన్సర్. రోజూ వేసుకోవాల్సిన మాత్ర ఇచ్చారు, పేరు ఇమాటినిబ్. కొన్ని నెలలకే రిపోర్టులు మామూలు మనిషివిలా వచ్చేశాయి. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. రెండేళ్ళు దాటాక నంబర్లు మళ్ళీ పైకి లేవడం మొదలైంది.

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని అడిగాడు. "ఏరా, ఇంజనీరింగ్ చదివావు, ఫోన్లో ఊరందరికీ అన్నీ చెప్తుంటావు. మొదట్లో అంత బాగా పనిచేసిన మందు ఇప్పుడెందుకు పనిచెయ్యట్లా? నకిలీ సరుకేమన్నా అంటగట్టారంటావా?"

నిజం చెప్పాలంటే నాకు వెంటనే తట్టింది సమాధానం కాదు, ఇదే ప్రశ్న ఇదే గొంతుతో ఇంకోచోట విన్న జ్ఞాపకం. పురుగుమందుల షాపులో. నా చిన్నప్పుడు ఆయన బండి మీద ముందు కూర్చుని వెళ్ళేవాణ్ణి. డబ్బా బల్ల మీద పెట్టి షాపతన్ని అడిగేవాడు, "నిరుడు ఒక్క ట్యాంకుకే రాలిపోయింది, ఈయేడు మూడుసార్లు కొట్టినా పురుగు నవ్వుతోంది, నకిలీదా ఏంటి?" అని.

తెలుగులో ఒక గమ్మత్తు ఉంది. డాక్టరు రాసేదీ మందే, చేలో కొట్టేదీ మందే. (మూడోది కూడా ఉంది, దాని సంగతి వదిలేయండి.) ఈ విషయంలో మాత్రం మన భాష పొరపాటు పడలేదు. పత్తి చేలో జరిగిందీ, బాబాయి రక్తంలో జరిగిందీ ఒకటే కథ. పోలిక కోసం అనట్లేదు, లోపల నడిచే మెకానిజమే ఒకటి.

ముందు చేలోకి వెళ్దాం. 1980ల మొదట్లో మన దేశానికి సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే కొత్త తరం పురుగుమందులు వచ్చాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెత్రిన్. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పటికి పత్తి బాగా విస్తరించింది. పత్తికి పెద్ద శత్రువు శనగపచ్చ పురుగు. గూడనీ కాయనీ తొలిచేసే ఆకుపచ్చ పురుగు. కొత్త మందు కొడితే పిట్టల్లా రాలిపోయేవని మా తాత చెప్పేవాడు. ఇక జనం ఆగుతారా? వారానికోసారి, పురుగు కనపడినా కనపడకపోయినా, కొట్టుడే కొట్టుడు.

1987-88 సీజనుకి వచ్చేసరికి అదే మందు, అదే డోసు, పురుగు చావలేదు. డోసు పెంచారు, చావలేదు. రెండు మందులు కలిపారు, చావలేదు. పంట పోయింది, మందుల అప్పు మాత్రం మిగిలింది. ఈ రెండు జిల్లాల్లో ఎంతోమంది పత్తి రైతులు ఆ అప్పులతో ప్రాణాలు తీసుకున్నారు. పత్తి రైతు ఆత్మహత్య అనే మాట మన పేపర్లలోకి అంత గట్టిగా వచ్చింది అప్పుడే. నకిలీ మందులు ఎప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి, కాదనను. కానీ ఆ తర్వాత ఇక్కడి పురుగుల్ని ల్యాబుల్లో, అసలైన మందుతో, కొలత వేసి పరీక్షించారు. అప్పుడూ చావలేదు. లోపం డబ్బాలో లేదు, పురుగులో ఉంది.

దీనికి ఊళ్ళో అందరూ చెప్పే కారణం ఒకటే: "పురుగు మందుకి అలవాటు పడిపోయింది." వినడానికి ఎంత సహజంగా ఉందో చూడండి. నేనూ ఇంజనీరింగ్ అయ్యేదాకా అలాగే అనుకున్నా. ఇది తప్పు. ఈ ఒక్క తప్పు సరిచేసుకుంటే క్యాన్సర్ సగం అర్థమవుతుంది, అందుకే ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఏ పురుగూ దేనికీ అలవాటు పడలేదు. మందు తగిలిన పురుగు చచ్చింది, అంతే. చచ్చిన పురుగు ఏం నేర్చుకుంటుంది? అసలు సంగతి ఏంటంటే, మందు కొట్టకముందే, ఆ మందు మొహం కూడా చూడకముందే, చేలో ఉన్న పురుగుల్లో ఏ లక్షలో ఐదో పుట్టుకతోనే కాస్త తేడాగా ఉంటాయి. (అంకెలు నేను ఊహించినవి, లెక్క తెలియడానికి.) వాటి జీన్‌లో ఎక్కడో కాపీ కొట్టేటప్పుడు పడ్డ అచ్చుతప్పు, అదే మ్యుటేషన్. ఆ తేడా వల్ల మామూలు రోజుల్లో వాటికి లాభం లేదు, ఒక్కోసారి నష్టం కూడా. కానీ మందు పడ్డ రోజు మిగతా 99,995 రాలిపోతాయి, ఆ ఐదు మిగుల్తాయి. ఇప్పుడు చేను మొత్తం వాటిదే. తిండికి పోటీ లేదు. పెళ్ళాడ్డానికి కూడా వాటిలో అవే. ఒక తల్లి రెక్కల పురుగు వెయ్యి దాకా గుడ్లు పెడుతుంది, నెల రోజుల్లో కొత్త తరం. మళ్ళీ అదే మందు కొట్టాం. అంటే ఏం చేసినట్టు? లొంగే వాటిని మనమే ఏరిపారేసి, లొంగని వాటికి చేను పట్టా రాసిచ్చాం.

"ఇదంతా ఊహ కాదా? మందు తగిలాకే మార్పు వచ్చి ఉండొచ్చుగా?" అని అడగొచ్చు. దాన్ని 1943లోనే ఇద్దరు తేల్చేశారు, సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్‌బ్రూక్. వాళ్ళు వాడింది బ్యాక్టీరియా, దాన్ని చంపే వైరస్. చాలా గొట్టాల్లో విడివిడిగా బ్యాక్టీరియా పెంచి, అన్నిటి మీదా వైరస్ వదిలారు. వైరస్ తగిలాక బ్యాక్టీరియా 'నేర్చుకునేది' అయితే ప్రతి గొట్టంలోనూ బతికినవాటి సంఖ్య దాదాపు ఒకేలా ఉండాలి. అలా రాలేదు. చాలా గొట్టాల్లో సున్నా, కొన్నిట్లో రెండో మూడో, ఎక్కడో ఒకదాంట్లో జాక్‌పాట్ కొట్టినట్టు వందలు. అంటే ఆ గొట్టంలో మార్పు వైరస్ రాకముందే, చాలా ముందు తరంలో వచ్చేసి, పిల్లల్ని కని కూర్చుందన్నమాట. ఇద్దరికీ 1969లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు చేను బదులు ఒళ్ళు అనుకోండి.

మన ప్రతి కణంలో దాదాపు 600 కోట్ల అక్షరాల కోడ్ ఉంది. కణం రెండుగా విడిపోయే ప్రతిసారీ అంతా కాపీ కావాలి. నేను నాలుగేళ్ళు కోడ్ రాసే ఉద్యోగం చేశా, నాలుగు వందల లైన్లు కాపీ చేస్తేనే ఏదో ఒకటి పగిలేది. శరీరం మనకన్నా లక్ష రెట్లు జాగ్రత్త, అయినా తప్పులు పడతాయి. క్యాన్సర్ కణాల్లో చాలావాటికి ఆ తప్పులు దిద్దే వ్యవస్థే చెడిపోయి ఉంటుంది. ఒక గ్రాము గడ్డలో సుమారు 100 కోట్ల కణాలు. అన్నీ ఒక తల్లి పిల్లలే, కానీ ఏ రెండూ అచ్చంగా ఒకటి కాదు. 1976లో పీటర్ నోవెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఇదే చెప్పాడు: క్యాన్సర్ ఒకే రకం కణాల గుంపు కాదు, లోపల్లోపల పోటీపడి మారుతూ పోయే జనాభా అని. జబ్బు 'ముదరడం' అంటాం కదా, అది వయసు కాదు. మొండివి మెత్తవాటిని తోసేయడం.

ఈ నోవెల్ గురించి ఇంకోమాట. 1960లో సీఎంఎల్ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ మామూలుకన్నా పొట్టిగా ఉందని కనిపెట్టిన ఇద్దరిలో ఈయన ఒకడు. ఫిలడెల్ఫియాలో కనిపెట్టారు కాబట్టి దాని పేరు ఫిలడెల్ఫియా క్రోమోజోమ్. తర్వాత తేలిందేంటంటే 9వ క్రోమోజోమ్ ముక్కా 22వ దాని ముక్కా తెగి, తారుమారుగా అతుక్కున్నాయి. అతుకు దగ్గర పుట్టిన ప్రొటీనే బీసీఆర్-ఏబీఎల్. ఇది ఆఫ్ బటన్ లేని స్విచ్. తెల్లకణానికి 'పెరుగు, పెరుగు' అని చెప్తూనే ఉంటుంది. మా బాబాయి మాత్ర చేసే పని, ఆ ప్రొటీన్‌లో ఒక చిన్న గుంటలోకి తాళంలో తాళంచెవిలా దూరి, స్విచ్‌ని ఆపడం.

మరి తాళం లోపల ఒక్క పన్ను మారితే? ఆ ప్రొటీన్‌లో 315వ స్థానంలో ఉండాల్సిన థ్రియోనిన్ అనే ఇటుక బదులు ఐసోల్యూసిన్ అనే కాస్త లావు ఇటుక వస్తే? తాళంచెవి దూరదు. దీని పేరు టీ315ఐ. ఇలాంటి మార్పులు ఇంకా డజన్ల కొద్దీ ఉన్నాయి, కొన్ని పూర్తిగా అడ్డుకుంటాయి, కొన్ని కాస్త వదులు చేస్తాయి. కొంతమంది రోగుల్లో మందు మొదలుపెట్టకముందు తీసిన రక్తంలోనే ఇలాంటి కణాలు ఒకటీ అరా దొరికాయి. లక్షలో ఐదు పురుగులు గుర్తున్నాయా? అవే ఇవి. పైరిథ్రాయిడ్ల విషయంలో కూడా ఇదే జరిగింది. ఆ మందు పురుగు నరంలో ఒక సోడియం గేటుని పట్టుకుని మూసుకోనివ్వకుండా చేస్తుంది. మొండి పురుగుల్లో కొన్నిటికి ఆ పట్టే చోటే మారిపోయింది. ఇంకొన్నిటికి ఒంట్లో మందుని ముక్కలు చేసే ఎంజైములు ఎక్కువ. క్యాన్సర్ కణాలు ఇంకో పని కూడా చేస్తాయి, గోడల్లో పంపులు పెట్టుకుని, లోపలికొచ్చిన మందుని బయటికి తోడేస్తాయి. పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపుని 1976లోనే కనిపెట్టారు.

అన్నిటికన్నా నాకు నచ్చిన ట్రిక్, 'నచ్చిన' అనకూడదేమో గానీ, కాపీ-పేస్ట్. దానికోసం మనవాడి దగ్గరికి వెళ్ళాలి.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మందుల పరిశోధనలో ఆయనంత పని చేసి, ఆయనంత తక్కువగా తెలిసిన తెలుగువాడు ఇంకొకరు ఉండరు. 1940ల్లో అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసింది. కణం కొత్త డీఎన్ఏ తయారు చేసుకోవాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. బోస్టన్‌లో పిల్లల పాథాలజిస్ట్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి మొదట అలాంటి పదార్థమే ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గడం పోయి ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. ఆకలితో ఉన్న పురుగుకి ఎరువేసినట్టయింది. అప్పుడు ఆలోచన తిరగబడింది: ఫోలిక్ యాసిడ్‌లా కనపడుతూ, దాని పని చెయ్యని దొంగ ఫోలిక్ యాసిడ్ ఇస్తే? సుబ్బారావు గారి బృందం పంపిన అమినోప్టెరిన్ అదే. 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. లుకేమియాకి మందంటూ ఏదీ లేని రోజులవి. 1948 జూన్‌లో పేపర్ అచ్చయింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు.

ఆ పేపర్ శీర్షికలోనే ఒక మాట ఉంది: తాత్కాలికం. తగ్గిన పిల్లల్లో జబ్బు మళ్ళీ వచ్చింది, ఈసారి అదే మందుకి లొంగలేదు. గుంటూరు పత్తి చేలో జరగబోయేది అంతకు నలభై ఏళ్ళ ముందు బోస్టన్ వార్డులో జరిగింది.

ఎందుకో 1978లో తెలిసింది. అమినోప్టెరిన్‌కి తమ్ముడు లాంటి మెతోట్రెక్సేట్ అనే మందు ఇప్పటికీ వాడుతున్నారు. అది డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైముని పట్టుకుని ఆపుతుంది. స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ షిమ్కీ బృందం, మెతోట్రెక్సేట్ డోసు కొంచెం కొంచెంగా పెంచుతూ పెంచిన ఎలుక క్యాన్సర్ కణాల్ని చూస్తే, ఆ ఎంజైము జీన్ ఒకటీ రెండూ కాదు, మామూలు కన్నా సుమారు 200 రెట్లు ఉంది. మందు వంద ఎంజైముల్ని ఆపితే కణం దగ్గర ఇంకో వంద రెడీ. ఇంతకీ మన మిర్చికి పట్టే పేనుబంకలో ఒక జాతి ఉంది, ప్రపంచమంతా ఉంటుంది. దాని మీద 1980ల్లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో పరిశోధన చేస్తే, మొండి పేనుబంకల్లో మందుని పట్టేసే ఎంజైము జీన్ 80 కాపీల దాకా దొరికింది. అదీ ఇదీ ఒకటే ఎత్తు. జీవులకి మనంత క్రియేటివిటీ లేదు, ఉన్నదాన్ని కాపీ కొట్టడం బాగా వచ్చు, అచ్చం నా బీటెక్ అసైన్‌మెంట్లలా.

షిమ్కీ బృందం ఇంకోటి చూసింది. కొన్ని కణాల్లో ఈ కాపీలు క్రోమోజోమ్‌లో కాకుండా బయట విడిగా తేలుతుంటాయి. వీటిని ఇప్పుడు ఎక్స్‌ట్రా క్రోమోజోమల్ డీఎన్ఏ అంటున్నారు, గుండ్రటి చిన్న ఉంగరాల్లా ఉంటాయి. క్రోమోజోములు కణం చీలేటప్పుడు ఇద్దరు పిల్లలకీ సమానంగా పంచబడతాయి. ఈ ఉంగరాలకి ఆ రూలు లేదు. అన్నదమ్ముల పంపకంలో పెద్దమనిషి లేకపోతే ఎలా ఉంటుందో అలా. ఒకడికి పది, ఒకడికి తొంభై. అందుకే ఇలాంటి గడ్డలు వేగంగా మారగలవు, మామూలుగా చాలా దూకుడుగా ఉంటాయి. మందు ఆపేస్తే కాపీల బరువు మోసే కణాలు వెనకబడి, కాపీలు తక్కువున్నవి మళ్ళీ ముందుకొస్తాయి. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం.

ఇప్పటిదాకా అంతా మందుకి లొంగకపోవడం గురించే చెప్పా. మందు లేకపోయినా కణాలు ఎందుకు ముదురుతాయి? సాగర్ కుడికాల్వ చివరి పొలాలు తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మొదట్లో ఉన్నవాడికి నీళ్ళు నిండుగా, చివరాయకట్టుకి వచ్చేసరికి కాల్వలో తడి కూడా ఉండదు. పెద్ద గడ్డలో నడిమధ్య కణాలకి ఇదే పరిస్థితి. రక్తనాళం దూరం, ఆక్సిజన్ అందదు. మామూలుగా అయితే ఇంత కష్టంలో ఉన్న కణానికి పీ53 అనే కాపలా జీన్ 'ఇక చాలు, చచ్చిపో' అని ఆర్డరేస్తుంది. పీ53 చెడిపోయిన కణానికి ఆ ఆర్డర్ వినపడదు. 1996లో స్పష్టంగా చూపించారు: ఆక్సిజన్ కరువు పీ53 ఉన్న కణాల్ని చంపి, లేనివాటిని ఏరి నిలబెడుతుంది. అంటే మందు చేసే పనే కరువు కూడా చేస్తుంది. బతికినవాటిలో హెచ్ఐఎఫ్ అనే ప్రొటీన్ లేస్తుంది (దీనికి 2019లో నోబెల్ ఇచ్చారు), కొత్త రక్తనాళాలు వేయమంటుంది, పక్క కణాలతో ఉన్న పట్టు వదిలించి వలస పొమ్మంటుంది. ప్రకాశం జిల్లాలో నీళ్ళు లేక వలసపోయిన ఊళ్ళెన్నో. పాపం వాళ్ళని క్యాన్సర్‌తో పోల్చానని కోప్పడకండి. కరువు ఎవరినైనా కదిలిస్తుందని చెప్తున్నా, అంతే.

సరే, మరి గెలిచేదెలా?

మొదటి దారి, ఒకేసారి వేరువేరు తాళాల మీద దాడి. లుకేమియా పిల్లల్లో 1960ల్లో అమెరికాలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అనే ఇద్దరు డాక్టర్లు నాలుగు మందులు కలిపి ఇచ్చారు, అందులో ఒకటి మన మెతోట్రెక్సేటే. ఒక మందుకి లొంగని కణం పది లక్షల్లో ఒకటి అనుకుంటే, రెండిటికీ లొంగనిది లక్ష కోట్లలో ఒకటి. నాలుగిటికీ అంటే లెక్కే లేదు. ఆ దారిలోనే వెళ్ళి, ఇవాళ మంచి వైద్యం అందే దేశాల్లో ఆ పిల్లల్లో పదిమందికి సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు. క్షయకి నాలుగు మాత్రలు కలిపి ఇవ్వడంలో ఉన్న లెక్క కూడా ఇదే.

బాబాయి ఇక్కడ నన్ను ఆపాడు. "మేమూ కలిపే కొట్టాం కదరా, మూడు డబ్బాలు ఒక ట్యాంకులో." మంచి పాయింట్. చాలాసార్లు ఆ మూడు డబ్బాల్లో పేర్లే వేరు, లోపలున్నవి ఒకే కుటుంబం మందులు. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్ రెండూ ఒకే గేటుని పట్టుకునేవి. ఒకే తాళానికి మూడు కంపెనీల తాళంచెవులు కొన్నట్టు. పైగా ఆ మందు సాలీళ్ళనీ అక్షింతల పురుగుల్నీ కూడా ఊడ్చేసింది, అవి ఉంటే పురుగు గుడ్లని తినేవి. కాపలావాళ్ళు పోయాక తెల్లదోమ విరుచుకుపడింది. ఇది విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

రెండో దారి చాలామందికి మింగుడుపడదు: కొన్నిటిని కావాలని బతకనివ్వడం. బీటీ పత్తి 2002లో వచ్చినప్పుడు విత్తనాల ప్యాకెట్‌తో పాటు ఇంకో చిన్న ప్యాకెట్ ఇచ్చేవాళ్ళు, గుర్తుందా? 450 గ్రాముల బీటీ, 120 గ్రాముల మామూలు విత్తనం. చేను చుట్టూ ఐదు వరసలు మామూలు పత్తి వెయ్యాలి. అక్కడ లొంగే పురుగులు హాయిగా బతికి, బీటీకి లొంగనివాటితో జతకట్టి, మొండితనాన్ని పలచన చేస్తాయని. మా ఇంట్లో ఆ చిన్న ప్యాకెట్లు అటక మీద ఉండేవి. పురుగుకి కావాలని పంట పెట్టేది ఎవడు? ఎవరూ పెట్టలేదు. గులాబీ రంగు పురుగు ముందు గుజరాత్‌లో బీటీకి లొంగడం మానేసింది, తర్వాత మన దగ్గర కాయలు పగలగొట్టి చూస్తే లోపల అదే.

అమెరికాలో ఫ్లోరిడాలోని మాఫిట్ క్యాన్సర్ సెంటర్‌లో రాబర్ట్ గేటెన్‌బీ అనే డాక్టరు సరిగ్గా ఈ పురుగుల లెక్కనే పట్టుకున్నాడు. క్యాబేజీని తినే డైమండ్ రెక్కల పురుగు కథ చెప్పి, 2009లో ఒక ఆలోచన రాశాడు. ఒళ్ళంతా పాకిన క్యాన్సర్‌ని ఎలాగూ మొత్తం తుడిచెయ్యలేనప్పుడు, పూర్తి డోసుతో లొంగేవాటన్నిటినీ చంపడమెందుకు? గడ్డ సగానికి తగ్గగానే మందు ఆపండి. లొంగే కణాలు కాస్త పెరిగి, లొంగనివాటిని అణిచిపెడతాయి. మొండితనానికి బరువు ఉంటుందన్నా కదా, మందు లేని రోజుల్లో మొండివి వెనకబడతాయి. మళ్ళీ పెరిగితే మళ్ళీ మందు. పాకిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కి అబిరాటెరోన్ మందుతో ఇలా చేశారు. 2022లో వచ్చిన ఫలితాల్లో 17 మందికి జబ్బు మళ్ళీ ముదరడానికి పట్టిన మధ్యస్థ కాలం 33.5 నెలలు, మామూలు పద్ధతిలో 16 మందికి 14.3 నెలలు. చాలా చిన్న ట్రయల్, లాటరీ తీసి గుంపులు చేసింది కూడా కాదు. కాబట్టి ఇదే చికిత్స అయిపోయిందని అనుకోవద్దు.

ఇప్పుడు ఒక్క నిమిషం, ఫోన్ పక్కన పెట్టకుండా వినండి. "అయితే మధ్యమధ్యలో మందు ఆపితే మంచిదేగా?" అన్నాడు బాబాయి. అలా అని ఆయన చెప్పకుండా దాచిన సంగతి అప్పుడు బయటపడింది. పత్తి తీతల రోజుల్లో, 'ఒంట్లో బాగానే ఉంది కదా' అని నెలలో పదేసి రోజులు మాత్ర వేసుకోలేదట. పిన్నికి కూడా తెలియదు.

ఆయన జబ్బు ఆ ప్రొస్టేట్ కథకి పూర్తి రివర్స్. అక్కడ మొండి కణాలు ముందే ఒళ్ళంతా ఉన్నాయి, గెలవడం కుదరదు, కాబట్టి సంధి. సీఎంఎల్ మొదటి దశలో ఇంకా గెలవగలం. అక్కడ ఆట అంతా టైము మీద. బీసీఆర్-ఏబీఎల్ ఉన్న కణాలు ఎన్ని ఉంటే అన్ని చీలికలు, ఎన్ని చీలికలైతే అన్ని అచ్చుతప్పులు. వాటిని ఎంత త్వరగా, ఎంత కిందికి నొక్కితే కొత్త మొండి కణం పుట్టే అవకాశం అంత తగ్గుతుంది. మాత్ర మానేసిన పది రోజులూ వాటికి కొత్త లాటరీ టిక్కెట్లు కొనిపెట్టినట్టు. నొక్కకుండా వదిలేస్తే సీఎంఎల్ నెమ్మదిగా ఉండే జబ్బు కాదు, మందు లేని కాలంలో కొన్నేళ్ళకే బ్లాస్ట్ క్రైసిస్ అనే దశకి వెళ్ళి ప్రాణం తీసేది. లండన్‌లో 2010లో సీఎంఎల్ రోగుల మాత్రల సీసా మూతల్లో చిప్ పెట్టి, ఎన్నిసార్లు తెరిచారో లెక్కపెట్టారు. నూటికి పది మాత్రలకు మించి మిస్సయినవాళ్ళలో జబ్బు లోతుగా తగ్గినవాళ్ళు చాలా తక్కువ, సరిగ్గా వేసుకున్నవాళ్ళలో దాదాపు అందరికీ తగ్గింది. ప్రొస్టేట్ ట్రయల్‌లో కూడా ఆపింది పేషెంటు కాదు, ప్రతిసారీ రక్తపరీక్ష చూసి డాక్టరు.

డబ్బు కోసం మానేశావా అని కూడా అడిగా. కాదన్నాడు. ఒకప్పుడు అదే పెద్ద కారణం. కంపెనీ బ్రాండు నెలకి లక్షా ఇరవై వేల దాకా ఉండేది, జెనరిక్ ఎనిమిది, పది వేలు. ఆ జెనరిక్ చేసినవాళ్ళలో గుంటూరు జిల్లా మనిషి నన్నపనేని వెంకయ్య చౌదరి పెట్టిన నాట్కో ఒకటి. కొత్త రూపానికి పేటెంట్ ఇవ్వమన్న నోవార్టిస్ కేసుని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇదో పూర్తి ఎపిసోడ్, ఇంకోసారి.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆమె తిట్టలేదు, మ్యుటేషన్ టెస్ట్ రాశారు. బీసీఆర్-ఏబీఎల్‌లో ఒక మార్పు దొరికింది, అదృష్టం, టీ315ఐ కాదు. దానికి పనిచేసే రెండో తరం మందుకి మార్చారు. ఒకవేళ టీ315ఐ అయినా దానికీ పొనాటినిబ్ అని వేరే మందుంది, కానీ అది గుండెకీ రక్తనాళాలకీ కాస్త గట్టి మందు. ఆర్నెల్లలో బాబాయి నంబరు మళ్ళీ కిందికి దిగింది.

మొన్న సంక్రాంతికి వెళ్తే గోడ మీద ఎరువుల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్‌లో ప్రతి తేదీ మీదా ఎర్ర పెన్నుతో టిక్కులున్నాయి. మధ్యలో ఒక్క తేదీ ఖాళీగా కనపడితే ఏంటి బాబాయ్ ఇది అన్నా. "ఆ రోజు వేసుకున్నారా, పెన్ను మీ తమ్ముడు ఎత్తుకెళ్ళాడు" అన్నాడు. పిన్నిని అడిగి కన్ఫర్మ్ చేసుకున్నా.

సరే మరి, వచ్చే వారం కలుద్దాం.